కౌలింగ్‌కి గ్లాస్ బదులు కార్బన్ వేస్తే నిజంగా బరువు తగ్గుతుందా?

నీలిరెక్క

అందరికీ నమస్కారం. రెండు సీట్ల కిట్ విమానం ఒకటి కట్టుకుంటున్నాను. రెక్కలు, ఫ్యూజిలేజ్ (విమానం మొండెం) అల్యూమినియం కాబట్టి ఈ ప్రశ్న వాటి గురించి కాదు. ఇంజిన్ కౌలింగ్ (ఇంజిన్‌ని కప్పే తొడుగు), రెక్కల చివర వచ్చే టిప్‌లు, వీల్ ప్యాంట్లు (చక్రాల తొడుగులు) మాత్రం నేనే తయారు చేసుకోవాలి. ప్లాన్లలో కౌలింగ్‌కి రెండు పొరల గ్లాస్ క్లాత్ (గాజు పోగుల బట్ట), మధ్యలో 6 మి.మీ. ఫోమ్, మళ్ళీ రెండు పొరలు, అన్నిటినీ పట్టి ఉంచడానికి ఎపాక్సీ రెసిన్ అని ఉంది. గ్లాస్ తీసేసి కార్బన్ వేస్తే బరువూ తగ్గుతుంది, గట్టిదనమూ పెరుగుతుంది కదా అని నా ఆలోచన. వాక్యూమ్ పంపు లేదు. బ్రష్షు, రోలరుతోనే పని.

ఇంకో విషయం. ఇదే మోడల్ పాతది ఒక మిత్రుడి దగ్గర ఉంది. దాని కౌలింగ్ అడుగు భాగంలో ఒకచోట బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయి, వదలగానే పైకి వస్తోంది. పెయింట్ మీద చిన్న గీత కూడా లేదు. దీన్ని పట్టించుకోవాలా?

పాత హ్యాంగర్

ప్లాన్లు గీసినవాళ్ళు గ్లాస్ అన్నారంటే ఏదో కారణం ఉంటుంది. కార్బన్ వద్దనను గానీ, దానివల్ల చేతికి వచ్చేదెంతో ముందు లెక్క చూసుకోండి.

మామూలుగా వాడే గాజు పోగు, అంటే E-గ్లాస్, సాంద్రత ఘన సెంటీమీటరుకి సుమారు 2.55 గ్రాములు, మామూలు కార్బన్ 1.78. గట్టిదనంలో గ్లాస్ 72 గిగాపాస్కల్స్ అయితే కార్బన్ 230. ఈ అంకెలు చూసే అందరూ కార్బన్ మీద పడతారు. కానీ ఇవి ఉత్త పోగుల లెక్కలు. మన పార్ట్‌లో పోగులతో పాటు రెసిన్ కూడా ఉంటుంది. బ్రష్షుతో చేసే లేఅప్‌లో (పొరలు పరిచి రెసిన్ పట్టించడంలో) ఘనపరిమాణంలో మూడింట రెండు వంతులు రెసినే. గ్లాస్ వేసినా కార్బన్ వేసినా ఆ రెసిన్ బరువు మారదు. పైగా అల్లిన క్లాత్‌లో సగం పోగులు ఒకవైపు, సగం ఇంకోవైపు పోతాయి. కాబట్టి మూడు రెట్ల గట్టిదనం అన్న మాట కాగితం మీదే.

రెసిన్ చేతులు

హ్యాంగర్ గారి మాటకి నేను అంకెలు వేస్తాను.

చదరపు మీటరుకి 200 గ్రా. ఉండే గ్లాస్ క్లాత్ నాలుగు పొరలు అనుకుందాం. క్లాత్ 800 గ్రా. కొత్తవాళ్ళు చేస్తే దాదాపు అంతే రెసిన్ తాగిస్తారు. మొత్తం 1600 గ్రా. ఇదే మందంలో, ఇంతే రెసిన్‌తో కార్బన్ వేస్తే దాదాపు 240 గ్రా. తగ్గుతుంది. బాగానే ఉంది కదా?

ఇప్పుడు కార్బన్ పక్కన పెట్టండి. అదే గ్లాస్‌ని స్క్వీజీతో (ఎక్కువైన రెసిన్ లాగేసే పట్టీ) ఓపిగ్గా లాగి రెసిన్‌ని 40 శాతానికి తెస్తే మొత్తం 1333 గ్రా. అంటే దాదాపు 270 గ్రా. మిగిలింది. వాక్యూమ్ బ్యాగ్ (లోపలి గాలి లాగేసి పొరల్ని నొక్కే సంచి) పెట్టి 35 శాతానికి తెస్తే 370 గ్రా. దాకా మిగులుతుంది. కార్బన్‌తో వచ్చేదానికన్నా ఎక్కువ తగ్గుదల మీ చేతిలోనే ఉంది. అందులోనూ తగ్గేది రెసినే కాబట్టి బలానికి నష్టం లేదు.

కార్బన్ నల్లగా ఉంటుంది, రెసిన్ ఎక్కడ తడిసిందో ఎక్కడ తడవలేదో కంటికి తెలియదు. గ్లాస్ తడిస్తే పారదర్శకం అవుతుంది. గాలి బుడగ ఉంటే తెల్లగా కనపడి మీకే చెబుతుంది. కొత్త చేతికి ఇంతకన్నా మంచి గురువు లేడు.

నీలిరెక్క

అంటే కార్బన్ కొనే డబ్బు మిగుల్చుకుని స్క్వీజీ మీద ఒళ్ళు వంచమంటారు! లెక్క కళ్ళు తెరిపించింది గురువు గారూ. మరి రెసిన్ బాగా తగ్గించేయాలని అతిగా లాగితే?

రెసిన్ చేతులు

అదీ ప్రమాదమే. పోగుల మధ్య రెసిన్ లేకపోతే పొరలు ఒకదానికొకటి పట్టుకోవు. వంచితే విడిపోతాయి. పైన అద్దంలా మెరుస్తుంటే రెసిన్ ఎక్కువైనట్టు. క్లాత్ అల్లిక స్పష్టంగా కనపడుతూ, ఎక్కడా తెల్ల మచ్చ లేకుండా, మెరుపు కాస్త తగ్గి ఉంటే ఆపేయండి. ఫోమ్‌కి ఆనే పొర మాత్రం వేరు సంగతి. ముందు ఫోమ్ రంధ్రాలను మైక్రో ముద్దతో, అంటే రెసిన్‌లో గాజు బుడగల పొడి కలిపి, పల్చగా పూడ్చాలి. లేకపోతే ఆ రంధ్రాలు రెసిన్ తాగేసి మీ తూకం లెక్కంతా తారుమారు చేస్తాయి.

ఏరో విద్యార్థి

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. ఫోమ్‌కి బలం ఏమీ ఉండదు కదా, వేలితో గుచ్చితే గుంట పడుతుంది. దాన్ని మధ్యలో పెడితే పార్ట్ ఎలా గట్టిపడుతుంది?

పాత హ్యాంగర్

మంచి ప్రశ్న తమ్ముడూ. ఫోమ్‌కి రెండు వైపులా ఉండే గ్లాస్ పొరల్ని చర్మాలంటాం. వంపు వచ్చినప్పుడు ఒక చర్మం సాగుతుంది, రెండోది నొక్కుకుంటుంది. ఆ రెండూ ఎంత దూరంగా ఉంటే వంపుని అంత గట్టిగా ఎదిరిస్తాయి. ఫోమ్ పని వాటిని దూరంగా పట్టుకోవడం, ఒకదానిమీద ఒకటి జారకుండా చూడడం.

0.5 మి.మీ. చర్మాలు రెండు ఫోమ్ లేకుండా అతికిస్తే 1 మి.మీ. రేకు. అవే రెండింటి మధ్య 6 మి.మీ. ఫోమ్ పెడితే వంపులో గట్టిదనం 120 రెట్లకు పైన పెరుగుతుంది. ఫోమ్ కాస్త జారడం వల్ల నిజంలో కొంత తగ్గుతుందనుకోండి. అయినా అదనంగా పెరిగే బరువు చదరపు మీటరుకి అరకిలో లోపే. చిన్న విమానాల్లో కాంపోజిట్ ఇంతగా పాకిపోవడానికి సగం కారణం ఈ లెక్కే. 1970ల్లో అమెరికన్ డిజైనర్ బర్ట్ రుటాన్ తన వేరీఈజీ అనే చిన్న విమానానికి ఫోమ్ దిమ్మని వేడి తీగతో రెక్క ఆకారంలో కోసి, దానిమీదే గ్లాస్ వేసేశాడు. మోల్డ్ (అచ్చు) అవసరమే లేకపోయింది. 1975లో అది ఎగిరాక ఇంటి షెడ్లలో విమానాలు కట్టుకునేవాళ్ళ పద్ధతే మారింది.

ఫోమ్ రకం చూసి వాడండి. పాలీస్టైరిన్‌ని వేడి తీగతో కోయొచ్చు. యురేథేన్‌ని మాత్రం వేడి తీగతో ఎప్పుడూ కోయకండి, విషవాయువులు వస్తాయి. దాన్ని కత్తితో, శాండ్‌పేపర్‌తోనే చెక్కాలి. పాలీస్టైరిన్ మీద పాలియెస్టర్ రెసిన్ గానీ వినైల్ ఎస్టర్ గానీ పోస్తే ఫోమ్ కరిగిపోతుంది. పెట్రోలు పడ్డా అంతే.

గ్లైడర్ అన్న

గ్లాస్ విమానాల కథ రుటాన్ కంటే ముందే మొదలైంది. స్టట్‌గార్ట్ విద్యార్థుల బృందం కట్టిన ఎఫ్‌ఎస్ 24 ఫీనిక్స్ గ్లైడర్ 1957లోనే ఎగిరింది. గ్లాస్ చర్మాల మధ్య ఫోమ్ బదులు బాల్సా చెక్క. మేం గ్లైడర్లు నడిపేవాళ్ళం ఈ విషయంలో కాస్త పొగరుగానే ఉంటాం, ఏమనుకోకండి.

నీలిరెక్క గారూ, మీరు అడగని సంగతి ఒకటి చెబుతాను, అది వేడి. మామూలు గది ఉష్ణోగ్రతలో గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల సెల్సియస్ దాటితే మెత్తబడడం మొదలుపెడతాయి. గ్లైడర్లు తెల్లగా ఉండడానికి కారణం ఇదే. ముదురు రంగు వేస్తే ఎండలో నిలబెట్టిన విమానం చర్మం 80 డిగ్రీలు దాటగలదు. కౌలింగ్‌కైతే ఎండతో పాటు లోపల ఎగ్జాస్ట్ గొట్టం కూడా ఉంది. ఇంజిన్ ఆపాక గాలి ప్రవాహం ఆగిపోతుంది కదా, ఆ తర్వాత కాసేపు లోపల వేడి ఇంకా పెరుగుతుంది.

కాబట్టి పోస్ట్‌క్యూర్, అంటే గట్టిపడ్డాక మళ్ళీ వేడి పెట్టి ఇంకా వేడి తట్టుకునేలా చేయడం, చేయగల రెసిన్ తీసుకోండి. పార్ట్‌ని మోల్డ్‌లోనే ఉంచి, తయారీదారు ఇచ్చిన పట్టిక ప్రకారం నెమ్మదిగా వేడి పెంచుతూ పోవాలి. బయటికి తీసి వేడి పెడితే తన బరువుకి తనే వంగిపోతుంది. ఎగ్జాస్ట్‌కి దగ్గరగా వచ్చే చోట లోపలివైపు వేడిని వెనక్కి కొట్టే అల్యూమినియం రేకు అతికించండి.

వర్షంలో ఎగరను

మిత్రుడి కౌలింగ్ మెత్తబడింది ఎగ్జాస్ట్ దగ్గరేనా? అక్కడైతే కారణం దొరికినట్టే.

నీలిరెక్క

అవునండీ, సరిగ్గా గొట్టం బయటికి వచ్చే చోటు పక్కనే. లోపల నూనె జిడ్డు కూడా ఉంది.

గ్లైడర్ అన్న

అయితే లోపలి చర్మం ఫోమ్ నుంచి విడిపోయింది. నాణెంతో తట్టి చూడమనండి. అంగుళం అంగుళం జరుపుతూ మెల్లగా తట్టాలి. అతుక్కుని ఉన్నచోట టక్ టక్ అని పదునుగా మోగుతుంది, విడిపోయినచోట డొల్లగా మూగపోతుంది. శబ్దం మారిన ప్రతిచోటా పెన్సిల్‌తో చుక్క పెట్టుకుంటూ పోతే విడిపోయిన ప్రాంతం హద్దు కనపడుతుంది. సాధారణంగా వేలికి తెలిసినదానికంటే పెద్దదే ఉంటుంది. ఫోమ్ అంచు దగ్గర, లోపల గట్టి ముక్క పెట్టినచోట శబ్దం మామూలుగానే మారుతుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు.

మేఘమాల

మా దగ్గర ఇలాంటిదే వస్తే సిరంజితో రెసిన్ ఎక్కించి పైన బరువు పెట్టేశాం. బాగానే ఉంది. అంత పెద్ద ఆపరేషన్ అవసరమా?

రెసిన్ చేతులు

మేఘమాల గారూ, దెబ్బ తగిలి విడిపోయిన చోట, లోపల శుభ్రంగా ఉంటే, బరువు మోయని పార్ట్‌కి అది నడుస్తుందేమో. ఇక్కడ నూనె దిగింది. జిడ్డు మీద ఎపాక్సీ పట్టదు. రెసిన్ లోపలికి పోతుంది, నొక్కితే గట్టిగానే తగులుతుంది, తడితే శబ్దం కూడా మారుతుంది, కానీ అతుక్కోదు. అలా నమ్మించి మోసం చేయడమే దాంతో పెద్ద చిక్కు.

చేయాల్సింది ఇది. లోపలి చర్మం విడిపోయినంత మేర కోసి తీసేయాలి. నూనె తాగిన ఫోమ్, వేడికి రంగు మారిన ఫోమ్ మొత్తం తవ్వేయాలి. బయటి చర్మం బాగుంటే దాన్ని ముట్టుకోవద్దు. వేడి తట్టుకునే ఫోమ్ ముక్క కూర్చి, లోపలి చర్మం అంచుని ఏటవాలుగా అరగదీయాలి. చర్మం మందానికి కనీసం 20 రెట్ల వెడల్పు ఏటవాలు ఉండాలి. అంటే 0.5 మి.మీ. చర్మానికి 10 మి.మీ. ఎక్కువైతే నష్టం లేదు. ఒక్కో పొర కింద ఏ దిశలో ఉందో, కొత్త పొర కూడా అదే దిశలో వేయాలి. ఆ పని ఎగ్జాస్ట్ లీకు ఉందేమో చూశాకే మొదలుపెట్టాలి. లేకపోతే వచ్చే ఏడాది మళ్ళీ ఇదే ప్రశ్న.

మోడరేటర్

చిన్న హెచ్చరిక. ఈ చర్చ సొంతంగా కట్టుకునే ప్రయోగాత్మక విమానాల గురించి. టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్ డిజైన్‌కి ప్రభుత్వ ఆమోదం) ఉన్న విమానానికి గ్లాస్ బదులు కార్బన్ లాంటి మార్పులు ఆమోదించిన డేటా లేకుండా చేయకూడదు. దాని మరమ్మత్తుకి ఆ విమానం మాన్యువలే ప్రమాణం. మిత్రుడి విమానం ఏ తరగతిదో ముందు చూసుకోండి.

నీలిరెక్క

అదీ కిట్టేనండి, సొంతంగా కట్టుకున్నదే. మాన్యువల్ కూడా చూస్తాం. ఇంకో సందేహం. కౌలింగ్ సంగతి తేలింది. పోనీ టిప్‌లకి, వీల్ ప్యాంట్లకి కార్బన్ వేయొచ్చా? ఒకటైనా నల్లగా మెరుస్తూ ఉండాలని ఆశ.

వర్షంలో ఎగరను

టిప్‌లో యాంటెన్నా పెడుతున్నారా?

నీలిరెక్క

వీఓఆర్ (దారి చూపే రేడియో) యాంటెన్నా ఎడమ టిప్ లోపలే అనుకున్నాను.

వర్షంలో ఎగరను

అయితే కార్బన్ ఆశ అక్కడే వదిలేయండి. కార్బన్ కరెంటుని పోనిస్తుంది, రేడియో తరంగాలను అడ్డుకుంటుంది. లోపల యాంటెన్నా పెడితే ఇనప్పెట్టెలో పెట్టినట్టే. గ్లాస్ తరంగాలను పోనిస్తుంది కాబట్టే రుటాన్ విమానాల్లో రాగి టేపు యాంటెన్నాలను గ్లాస్ చర్మం కిందే పరిచేస్తారు. బయటికి పొడుచుకొచ్చే పుల్ల ఒక్కటీ ఉండదు.

పాత హ్యాంగర్

మీ విమానం అల్యూమినియం కాబట్టి ఇంకో తలనొప్పి ఉంది. కార్బన్, అల్యూమినియం నేరుగా ఆనుకుని, మధ్యలో తేమ చేరితే అల్యూమినియం తినుకుపోతుంది. కౌలింగ్ అంచుల్లో పొడవాటి కీలుకి, స్క్రూలకి, రివెట్లకి అల్యూమినియమే వాడతాం కదా. కార్బన్ వేయక తప్పదంటే ఆనే చోటంతా ఒక పొర గ్లాస్ వేసి విడదీయాలి, బిగింపులు టైటానియంవో స్టెయిన్‌లెస్‌వో పెట్టాలి. అప్పుడు మిగిల్చిన గ్రాముల్లో కొన్ని మళ్ళీ ఎక్కాయి.

వీల్ ప్యాంట్ల విషయం. చక్రం లేపే రాయి వచ్చి లోపలివైపు తగులుతూనే ఉంటుంది. పల్చటి కార్బన్ చర్మం గట్టిగానే ఉంటుంది గానీ పెళుసు, పగిలితే ఒక్కసారే పగులుతుంది. గ్లాస్ కాస్త వంగి ఓర్చుకుంటుంది. కెవ్లార్ అనే ఇంకో రకం పోగు దెబ్బలకి ఇంకా మంచిదే, కానీ మామూలు కత్తెర దాన్ని కోయలేదు, శాండ్‌పేపర్ పెడితే నూగులా లేస్తుంది. పైగా నొక్కుడు బలం తక్కువ.

గ్లైడర్ అన్న

కార్బన్‌ని మరీ తక్కువ చేయకండి హ్యాంగర్ గారూ. రెక్క స్పార్‌లో (రెక్క పొడవునా ఉండే ప్రధాన దూలం) పోగులన్నీ ఒకే దిశలో పరిస్తే దానికి సాటి లేదు. వెదురు బద్దలాంటిది, పొడవునా లాగితే ఎంతకీ తెగదు, అడ్డంగా అయితే చేత్తో చీల్చొచ్చు. బరువు ఏ దిశలో వస్తుందో ఖాయంగా తెలిసినచోట కార్బన్, అన్ని దిశల నుంచీ దెబ్బలు తినే చోట గ్లాస్. మెలితిప్పే బలం వచ్చేచోట ఏదైనా సరే 45 డిగ్రీల ఏటవాలుగా వేయాలి. 1986లో ఎక్కడా దిగకుండా, గాలిలో ఇంధనం నింపుకోకుండా భూమిని చుట్టొచ్చిన వోయేజర్‌ని గ్లాస్‌తో కట్టి ఉంటే ఎగిరేది కాదు.

పాత హ్యాంగర్

వోయేజర్‌లో ప్రతి గ్రాముకీ ఓ అర్థం ఉంది అన్నా. వీల్ ప్యాంట్‌కి లేదు. అంతే నా గొడవ.

ఏరో విద్యార్థి

ఇంకో ప్రశ్న. ఒకరోజు లేఅప్ చేసి, ఆరాక మరుసటి రోజు దానిమీద ఇంకో భాగం అతికించాలంటే? పీల్ ప్లై (లేఅప్ మీద పరిచి ఆరాక ఒలిచేసే బట్ట) వేసి ఒలిచేస్తే నేరుగా అతికించొచ్చు అని ఒక వీడియోలో చెప్పారు.

గ్లైడర్ అన్న

పీల్ ప్లై ఒలిచాక కూడా శాండ్‌పేపర్ పట్టాల్సిందే. ఒలిచిన ఉపరితలం గరుకుగా కనపడుతుంది కానీ అది నైలాన్ అల్లిక అచ్చు, అంతే. గుంటలన్నీ నున్నగానే ఉంటాయి.

మేఘమాల

నేను ఒప్పుకోను. మంచి పీల్ ప్లై, పూత లేనిది వాడి, ఒలిచిన గంటలోపే అతికిస్తే బాగానే పట్టింది. శాండ్‌పేపర్ అతిగా పట్టి పోగులు తెంపేసేవాళ్ళనే ఎక్కువ చూశాను.

రెసిన్ చేతులు

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. పూత ఉన్న పీల్ ప్లై అయితే ఆ పూత పార్ట్ మీదికి దిగుతుంది, అది అతుకుని చెడగొడుతుంది. బరువు మోసే అతుకైతే నేను గ్లైడర్ అన్న గారి పక్షమే. ఒలిచాక 80 నంబరు శాండ్‌పేపర్‌తో మెరుపు పోయేదాకా తేలికగా రుద్దడం, దుమ్ము తుడవడం, తర్వాత నీళ్ళ పరీక్ష. శుభ్రమైన నీళ్ళు చల్లితే పల్చని పొరలా అంతటా పరుచుకోవాలి. ఎక్కడైనా బొట్లు బొట్లుగా విడిపోతే అక్కడ ఇంకా జిడ్డు ఉన్నట్టు. పరీక్ష అయ్యాక పూర్తిగా ఆరనివ్వండి.

తేమ ఉన్న రోజుల్లో కొన్ని హార్డ్‌నర్ల (రెసిన్‌ని గట్టిపరచడానికి కలిపే రెండో భాగం) వల్ల ఎపాక్సీ మీద మైనంలా జిగట పొర తేలుతుంది. దాన్ని ముందు నీళ్ళతో కడిగేయాలి. కడక్కుండా రుద్దితే ఇంకా లోపలికి పులుముతారు.

ఇంకొకటి, హార్డ్‌నర్ ఎక్కువ వేస్తే త్వరగా ఆరుతుందనే అపోహ చాలామందికి ఉంది. అది పాలియెస్టర్ రెసిన్‌కి కొంతవరకు పనికొస్తుందేమో, ఎపాక్సీకి కాదు. నిష్పత్తి తప్పితే మిగిలిపోయిన పదార్థం అలాగే ఉండి, పార్ట్ ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది. తొందరైతే వేగంగా గట్టిపడే హార్డ్‌నర్ కొనండి. తూచి కలపండి, కలిపింది గిన్నెలో గుట్టగా వదలకుండా వెడల్పు పళ్ళెంలో పోయండి. గిన్నెలో ఉంటే తన వేడికి తనే ఉడికి పొగలొస్తాయి. నైట్రైల్ గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. ఎపాక్సీ అలర్జీ ఒకసారి పట్టుకుంటే జన్మలో వదలదు, దురదతో పని మానేసినవాళ్ళు ఉన్నారు. చర్మానికి అంటితే అసిటోన్‌తో తుడవకండి, సబ్బు నీళ్ళతో కడగండి.

వర్షంలో ఎగరను

నీలిరెక్క గారూ, ఈ మరమ్మత్తు పద్ధతి చూసి మీ మిత్రుడు ఉత్సాహంగా ఐలెరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) మీద కూడా చేయి వేస్తారేమో, ముందే చెప్పండి. కంట్రోల్ సర్ఫేస్ మీద హింజ్‌కి వెనక భాగంలో పెరిగిన ప్రతి గ్రామూ బ్యాలెన్స్ మారుస్తుంది. కాస్త ఫిల్లర్, రెండు కోట్ల పెయింట్ కూడా లెక్కే. బ్యాలెన్స్ తప్పితే వేగంలో ఫ్లట్టర్ (అదుపు తప్పిన కంపనం) వస్తుంది, అది రెప్పపాటులో ఐలెరాన్‌ని ఊడబెరకగలదు. కౌలింగ్ పని ఐలెరాన్ పని ఒకటి కాదు. అక్కడ మరమ్మత్తు తర్వాత తూచి, హింజ్ మీద బ్యాలెన్స్ చూసి, మాన్యువల్ హద్దులో ఉంటేనే బిగించాలి.

నీలిరెక్క

చెప్పాను. ఐలెరాన్ జోలికి పోనని మాటిచ్చాడు. మీరు చెప్పినట్టే నాణెంతో తట్టాం. వేలికి అరచేయంత అనిపించిన చోటు పెన్సిల్ చుక్కలు కలిపితే దానికి రెట్టింపు తేలింది. క్లాంప్ దగ్గర ఎగ్జాస్ట్ మసి కూడా కనపడింది. ముందు అది బాగు చేయిస్తున్నాడు.

నా సంగతి: అన్నీ గ్లాసే, రంగు తెలుపే. నిన్న పరీక్షకి ఫోమ్ లేకుండా 30 సెం.మీ. చదరం ప్యానెల్ నాలుగు పొరలతో చేశాను. క్లాత్ 72 గ్రా. గట్టిపడ్డాక ప్యానెల్ 126 గ్రా. తూగింది. అంటే రెసిన్ 54, దాదాపు 43 శాతం. ఎలా ఉంది?

రెసిన్ చేతులు

చేత్తో చేసిన మొదటి ప్యానెల్‌కి చాలా బాగుంది. అంచుల్లో కారిన రెసిన్ కోసేశాకే తూచారా?

నీలిరెక్క

కోశాకేనండీ. క్లాత్ అంచు దాకా కోసి తూచాను.

రెసిన్ చేతులు

అయితే ఇప్పుడు దాన్ని దాచుకోకుండా విరగ్గొట్టండి. వారం ఆగి, రెండంగుళాల పట్టీలుగా కోసి, ఒకదాన్ని వైస్‌లో బిగించి విరిగేదాకా వంచండి. కళ్ళద్దాలు పెట్టుకోండి. విరిగిన చోట పొరలు కలిసే చిరిగితే కౌలింగ్ మొదలుపెట్టొచ్చు. పేజీల్లా శుభ్రంగా విడిపోతే ఫోటో ఇక్కడ పెట్టండి, ఎక్కడ తేడా వచ్చిందో చూద్దాం. రెండో పట్టీని ఒక మధ్యాహ్నం ఎండలో ఉంచి, వేడిగా ఉండగానే వంచి చూడండి. ఆ రెసిన్‌కి పోస్ట్‌క్యూర్ ఎంత అవసరమో మీ చేతికే తెలుస్తుంది.